సొంత ఫోన్‌తో ఆఫీసు పని: అయిన ఖర్చును రాబట్టుకోవడం ఎలా

మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ డాక్టరు గది బయట నిలబడి ఆ రోజు విజిట్లను యాప్‌లో నమోదు చేస్తాడు. మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసరు ఊళ్లో గ్రూపు మీటింగు ముగియగానే వసూళ్ల లెక్కను బ్రాంచికి పంపుతాడు. సైట్ ఇంజనీరు స్లాబు వేసిన ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వీరి చేతిలోని ఫోను, అందులోని సిమ్, దానికి వేసే రీఛార్జ్ అన్నీ వీరి సొంతం. పని మాత్రం కంపెనీది. ఈ ఖర్చు నెలకు నూటయాభై, రెండు వందల రూపాయల లెక్కన కనిపిస్తుంది కాబట్టి చాలామంది దీన్ని అడగడం చిన్నతనమని వదిలేస్తారు. అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని చాలా ఏళ్లు ఇలాంటి క్లెయిములను చూసినవాడిగా, అంతకుముందు ఫీల్డ్‌లో తిరుగుతూ వాటిని పెట్టినవాడిగా నేను చెప్పగలిగేది ఒకటే: ఈ డబ్బు రాకపోవడానికి కంపెనీ కాదనడం కంటే మన దగ్గర లెక్క లేకపోవడమే ఎక్కువసార్లు కారణమవుతుంది. ఆ లెక్కను ఎలా కట్టాలో, ఎవరిని ఎప్పుడు ఏమని అడగాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా మొత్తం ఎంతో తెలుసుకోండి. ప్రీపెయిడ్ ప్యాకులు ఎక్కువగా 28 రోజులవి కాబట్టి ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు రీఛార్జ్ చేయాల్సి వస్తుంది. మీరు వేసేది 349 రూపాయల ప్యాక్ అనుకుంటే అది ఏడాదికి 4,537 రూపాయలు. మధ్యలో డేటా అయిపోయినప్పుడు వేసిన చిన్న టాప్-అప్‌లు, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో బ్రాడ్‌బ్యాండ్ బిల్లు దీనికి అదనం. ఈ అంకెను ఒక కాగితం మీద రాసుకున్న తర్వాతే మిగతా పని మొదలుపెట్టండి.

మొదటి పని: నియామక పత్రాన్ని, పాలసీని చదవడం

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగి సొంత ఫోను ఖర్చును యజమాని తప్పనిసరిగా చెల్లించాలని నేరుగా చెప్పే సాధారణ చట్టం లేదు. అందువల్ల మీ హక్కు ఎక్కడుందంటే మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో, దానితో ఇచ్చిన జీతం విభజన పట్టికలో, కంపెనీ హెచ్‌ఆర్ పాలసీలో, అవేవీ లేనప్పుడు మేనేజర్ రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతిలో ఉంటుంది. ఈ మూడు కాగితాలనూ తెచ్చుకుని టెలిఫోన్, మొబైల్, కమ్యూనికేషన్, ఇంటర్నెట్ అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. కొన్ని కంపెనీలు దీన్ని ప్రయాణ ఖర్చుల పాలసీలో ఒక మూల పెడతాయి. ఫోను గురించి విడిగా పాలసీ లేదని అనుకున్నవారికి అక్కడ దొరికిన సందర్భాలు నేను చూశాను.

చదివేటప్పుడు ఒక్క తేడాను మాత్రం జాగ్రత్తగా గమనించండి. పే స్లిప్‌లో టెలిఫోన్ అలవెన్స్ అని ప్రతి నెలా స్థిరంగా పడే మొత్తం వేరు, బిల్లు చూపిస్తే తిరిగి ఇచ్చే రీయింబర్స్‌మెంట్ వేరు. అలవెన్స్‌కు బిల్లు అక్కర్లేదు, కానీ అది జీతంలో భాగమై దానిపై పన్ను పడుతుంది. రీయింబర్స్‌మెంట్‌కు బిల్లు కావాలి, కానీ నిజంగా అయిన ఫోను ఖర్చును యజమాని భరిస్తే దాన్ని ఉద్యోగికి అందిన పన్ను పడే సౌకర్యంగా లెక్కించకూడదని 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లోని మూడవ నియమం చెప్పింది. ఇది విడిగా తీసుకునే మినహాయింపు కాదు, సౌకర్యం విలువ కట్టే దగ్గరే దాన్ని పక్కన పెట్టడం. కాబట్టి పాత పన్ను విధానం ఎంచుకున్నారా, కొత్తదా అన్న ప్రశ్న దీనికి అడ్డు రాదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కావడంతో సెక్షన్ల, నియమాల నంబర్లు మారుతున్నాయి. అందుకని అకౌంట్స్ వారితో మాట్లాడేటప్పుడు పాత నంబరు పట్టుకుని వాదించకుండా విషయాన్ని చెప్పి, ఇప్పుడు దానికి వర్తించే నియమం ఏదో వారినే అడగండి.

ఈ తేడా విలువ ఎంతో ఒక ఉదాహరణలో చూడండి. నెలకు 1,500 రూపాయలు ఫోను పేరుతో మీకు వస్తున్నాయనుకుందాం, అంటే ఏడాదికి 18,000. మీరు 20 శాతం పన్ను శ్లాబులో ఉంటే 4 శాతం సెస్సు కలిపి 20.8 శాతం పడుతుంది. అలవెన్స్‌గా తీసుకుంటే 3,744 రూపాయలు పన్నుగా పోతాయి. అదే మొత్తానికి బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్‌గా తీసుకుంటే ఆ పన్ను ఉండదు. జీతం నిర్మాణాన్ని ఉద్యోగి ఎంచుకోనిచ్చే కంపెనీల్లో సాధారణంగా ఏప్రిల్‌లో ఈ ఎంపిక తెరుస్తారు. ఆ వారం దాటితే మళ్లీ ఏడాది ఆగాలి కాబట్టి తేదీని గుర్తు పెట్టుకోండి. ఎంచుకుని బిల్లులు పెట్టకపోతే మిగిలిన మొత్తాన్ని సాధారణంగా మార్చి జీతంలో పన్ను కోసి ఇస్తారు.

రెండవ పని: ఖర్చు పెట్టకముందే రాతపూర్వకంగా అడగడం

పాలసీలో స్పష్టంగా ఉంటే ఈ మెట్టు అవసరం లేదు. లేనప్పుడు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. నోటిమాటగా వచ్చిన హామీ అకౌంట్స్ సెక్షన్ దాకా రాదు. మీ మేనేజర్ మంచివారే కావచ్చు, నిజంగా ఇప్పించాలనే అనుకుని ఉండవచ్చు, కానీ ఆయన బదిలీ అయిన మరుసటి నెల మీ వోచర్ మీద సంతకం చేయాల్సినవారికి ఆ మాట తెలియదు. అందుకని మెయిల్ రాయండి. ఏ భాషలో రాసినా ఈ అంశాలు అందులో ఉండాలి:

“మేనేజర్ గారికి, నమస్కారం. గత నెల నుంచి విజిట్ల నమోదుకు, ఆర్డర్లు పంపడానికి, టీమ్ కాల్స్‌కు నా సొంత మొబైల్ ఫోనును వాడుతున్నాను. ఇంతకుముందు నాకు సరిపోయిన ప్యాకు ఈ పనికి చాలక, రోజువారీ డేటా ఎక్కువగా ఉండే ప్యాకుకు మారవలసి వచ్చింది. 28 రోజులకు అవుతున్న ఖర్చు, అందులో ఆఫీసు పనికి పోతున్న భాగం, ఆ లెక్క కట్టిన పద్ధతి దీనితో జత చేశాను. ఈ భాగాన్ని ప్రతి నెలా బిల్లుపై చెల్లించేందుకు అనుమతి ఇవ్వవలసిందిగా, లేదా కంపెనీ తరఫున సిమ్ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఏ బిల్లులు, ఏ తేదీలోగా, ఎవరికి ఇవ్వాలో తెలియజేయగలరు.”

ఈ మెయిల్‌లో రెండు దారులు చూపించడం కావాలనే చేసినది. డబ్బు ఇవ్వడానికి వెనుకాడే కంపెనీ కూడా సిమ్ ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు. ఎందుకంటే కంపెనీ పేరుతో తీసుకున్న కనెక్షన్ల బిల్లు నేరుగా దాని జీఎస్టీ నంబరు మీద వస్తుంది, ఆ పన్నును అది తన లెక్కల్లో చూపుకునే వీలుంటుంది. మీ పేరుతో వచ్చే బిల్లులో ఆ వీలు లేదు. ఇది కంపెనీకి కనిపించే లాభం కాబట్టి అడిగేటప్పుడు చెప్పడం మంచిది. కంపెనీ సిమ్ తీసుకుంటే ఆ నంబరు కంపెనీదేనని, ఉద్యోగం మానినప్పుడు తిరిగి ఇచ్చేయాలని మాత్రం గుర్తుంచుకుని, బ్యాంకు ఖాతాకు గానీ ఆధార్‌కు గానీ దాన్ని ఎప్పుడూ జత చేయకండి.

మూడవ పని: ఆఫీసును, ఇంటిని ఫోనులోనే వేరు చేయడం

లెక్క తేలికగా తేలాలంటే వాడకం విడిగా ఉండాలి. ఇందుకు అన్నిటికన్నా సులువైన దారి రెండో సిమ్. ఇప్పటి ఫోన్లలో చాలావరకు రెండు సిమ్‌లు పడతాయి. ఒక వ్యక్తి పేరుతో తొమ్మిది కనెక్షన్ల వరకు ఉండవచ్చు కాబట్టి చట్టపరంగా ఇబ్బంది లేదు. మీ పేరుతో ఇప్పటికే ఎన్ని ఉన్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రెండో నంబరును పూర్తిగా పనికే వాడితే దాని రీఛార్జ్ మొత్తం ఆఫీసు ఖర్చే అవుతుంది, వాటా లెక్క కట్టే బాధే ఉండదు. ఆ నంబరుతో వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే డీలర్ల మెసేజీలు ఒకవైపు, ఇంటివారి మెసేజీలు మరోవైపు ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం ఒక సిమ్‌ను ఆపివేసుకునే స్వేచ్ఛ కూడా దీనితోనే వస్తుంది. నా దృష్టిలో దాని విలువ రీఛార్జ్ డబ్బు కంటే తక్కువేమీ కాదు.

కంపెనీ మీ ఫోనులో తన యాప్‌లు పెట్టమన్నప్పుడు కొంచెం ఆగి అడగాల్సింది ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో వర్క్ ప్రొఫైల్ అనే ఏర్పాటు ఉంది. అందులో ఆఫీసు యాప్‌లు చిన్న సంచి గుర్తుతో విడిగా ఒక అరలో ఉంటాయి, మీ సొంత ఫోనులో కంపెనీ చెరిపివేయగలిగేది ఆ అరను మాత్రమే. అలా కాకుండా ఫోను మొత్తాన్ని కంపెనీ అదుపులో పెట్టే పద్ధతికి ఒప్పుకుంటే, మీరు మానేసిన రోజున పిల్లల ఫోటోలతో సహా అంతా చెరిగిపోయే ప్రమాదం ఉంటుంది. సొంత డబ్బుతో కొన్న ఫోనుకు ఆ రెండో పద్ధతి వద్దని మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి. వర్క్ ప్రొఫైల్ వల్ల మన పనికి మరో ఉపయోగం ఉంది. ఏ యాప్ ఎంత డేటా వాడిందో చూసే చోట ఆఫీసు యాప్‌ల లెక్క విడిగా తేలుతుంది.

నాలుగవ పని: ఆఫీసు వాటా ఎంతో లెక్క కట్టడం

ఒకే సిమ్‌తో అన్నీ నడిపేవారికి ఈ మెట్టు తప్పదు, క్లెయిములు ఎక్కువగా తిరిగివచ్చేదీ ఇక్కడే. సగం నాది, సగం ఆఫీసుది అని ఊహగా రాసి పంపితే పరిశీలించేవారు మొదట అడిగే ప్రశ్న ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందని. కాబట్టి ఒక మామూలు నెలను ఎంచుకోండి. పండగ సెలవులు, పెళ్లిళ్లు, పెద్ద టూర్లు లేని నెల అయితే మేలు. ఆ నెలంతా కొలిచి, వచ్చిన శాతాన్ని మిగతా నెలలకు వాడతానని ముందే చెప్పండి.

డేటా కొలవడానికి ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొబైల్ డేటా వాడకం తెరిస్తే యాప్ వారీగా అంకెలు కనిపిస్తాయి, లెక్క ఏ తేదీ నుంచి మొదలుకావాలో కూడా అక్కడే మార్చుకోవచ్చు. ఐఫోనులో మాత్రం ఆ అంకెలు తమంతట తాము సున్నాకు రావు కాబట్టి నెల మొదటి రోజున అదే పేజీ చివర ఉన్న రీసెట్ నొక్కి, చివరి రోజున స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. కాల్స్‌కు పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లుతో వివరాలు దొరుకుతాయి. ప్రీపెయిడ్ వారు కూడా తమ వాడకం వివరాలను ఆపరేటర్ నుంచి అడిగి తీసుకోవచ్చని, దానికి 50 రూపాయలకు మించి వసూలు చేయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల్లో ఉంది. ఆరు నెలల కంటే పాత వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత ఆపరేటరుకు లేదు కాబట్టి ఆలస్యం చేయకండి.

నాతో పాటు ఫీల్డ్‌లో తిరిగిన ఒక పెద్దాయన దీన్ని ఎలా చేసేవారో చెబుతాను, ఎందుకంటే అంతకన్నా శుభ్రమైన లెక్కను నేను తర్వాత కూడా చూడలేదు. ఆయన జేబులో పాల లెక్క రాసుకునేంత చిన్న నోటుబుక్కు ఉండేది. ప్రతి పేజీకి నాలుగు గళ్లు గీసుకుని, తేదీ, ఎవరికి చేసిన కాల్, ఎన్ని నిమిషాలు, ఏ పని అని రాసేవారు. ప్రతి కాలూ రాసేవారు కాదు. సాయంత్రం బస్సు ఎక్కి కూర్చున్నాక ఫోనులోని కాల్ చిట్టా తెరిచి, ఆఫీసువాటికి పెన్సిలుతో టిక్కు పెట్టుకుని, ఆ రోజు మొత్తం నిమిషాలు ఒక్క వరుసలో వేసేవారు. ఐదు నిమిషాల పని. నెలాఖరులో ఆ పేజీని ఫోటో తీసి క్లెయిముకు జత చేసేవారు. నేనెరిగినంతలో ఆయన క్లెయిము ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

ఇక లెక్క ఇలా కట్టండి. నెలలో మొత్తం 40 జీబీ వాడారు, అందులో ఆఫీసు యాప్‌లది 18 జీబీ, అంటే 45 శాతం. మొత్తం 600 నిమిషాలు మాట్లాడారు, అందులో పనికి 390, అంటే 65 శాతం. రెండింటి సగటు 55 శాతం. 349 రూపాయల ప్యాకులో 55 శాతం సుమారు 192 రూపాయలు. ఏడాదికి పదమూడు రీఛార్జ్‌లకు 2,496. మీ పని ఎక్కువగా కాల్స్ మీదే నడిచేదైతే కాల్స్ శాతాన్నే తీసుకోవచ్చు. ఏది తీసుకున్నా కారణం రాసి, ఏడాదంతా అదే పద్ధతి పాటించండి. ఒక నెల డేటా, మరో నెల కాల్స్ అని ఎక్కువ వచ్చేదాన్ని ఏరుకుంటూ పోతే మీ లెక్క మీద నమ్మకం పోతుంది.

ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది: “అన్‌లిమిటెడ్ ప్యాకు కదా, ఆఫీసు పని లేకపోయినా మీరు రీఛార్జ్ చేసుకునేవారే కదా?” ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. దీనికి మీరు రెండు విధాలుగా జవాబు చెప్పవచ్చు. మొదటిది వాటా పద్ధతి: ఒక వస్తువును ఇద్దరు వాడుకుంటున్నప్పుడు ఒకరు ఎలాగూ కొనేవారే అన్న కారణంతో రెండోవారికి అది ఉచితం కాదు. రెండవది తేడా పద్ధతి: పని లేకపోతే మీకు ఏ ప్యాకు సరిపోయేదో, పని వల్ల ఏ ప్యాకు వేయాల్సి వస్తోందో చూపి, ఆ రెండింటి మధ్య తేడాను అడగడం. డేటా అవసరం లేనివారికి కాల్స్, మెసేజీలు మాత్రమే ఉన్న ప్యాకులు అమ్మాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆపరేటర్లను ఆదేశించింది. ఇంట్లో వైఫై ఉండి, బయట డేటా పెద్దగా వాడని వ్యక్తికి ఈ పోలిక బలమైన ఆధారం. రెండు పద్ధతుల్లో మీ కంపెనీ దేనికి ఒప్పుకుంటే దానితో వెళ్లండి, కానీ రెండింటినీ కలిపి అడగకండి. పని మధ్యలో డేటా అయిపోయి వేసిన టాప్-అప్ మాత్రం పూర్తిగా ఆఫీసు ఖర్చే, దాన్ని విడిగా చూపించండి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే తెలుగువారికి ఈ విషయంలో చట్టం అండ ఉంది. అక్కడి లేబర్ కోడ్ 2802 సెక్షన్ ప్రకారం పని కోసం తప్పనిసరిగా అయిన ఖర్చును యజమాని చెల్లించాలి. ఉద్యోగి అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో ఉండి అదనంగా రూపాయి కూడా ఖర్చు కాకపోయినా బిల్లులో సముచితమైన భాగం ఇవ్వాల్సిందేనని అక్కడి అప్పీలు కోర్టు 2014 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన దగ్గర చెల్లదు, కానీ పైన చెప్పిన వాటా వాదన ఊరికే పుట్టింది కాదని మీకు తెలిసి ఉండాలి.

ఐదవ పని: బిల్లు సరిగా ఉండేలా చూసుకోవడం

డబ్బు కట్టిన రసీదు వేరు, బిల్లు వేరు. పేమెంట్ యాప్‌లో రీఛార్జ్ చేసినప్పుడు వచ్చే పచ్చ టిక్కు ఉన్న పేజీ మీరు డబ్బు పంపారని మాత్రమే చెబుతుంది. ఆపరేటర్ సొంత యాప్‌లోకి గానీ వెబ్‌సైట్‌లోకి గానీ వెళ్లి రీఛార్జ్ చరిత్రలో ఆ లావాదేవీ ఇన్‌వాయిస్ ఇచ్చే చోట దాన్ని పీడీఎఫ్‌గా దించుకోండి. అందులో మీ పేరు, మొబైల్ నంబరు, తేదీ, మొత్తం, పన్ను ఇవన్నీ కనిపించాలి.

ఈ పాఠం నాకు నష్టంతోనే వచ్చింది. ఫీల్డ్‌లో పనిచేసే రోజుల్లో ఏడాది చివర పదకొండు రీఛార్జ్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీయించి, పిన్ను కొట్టి, ఎంతో శ్రద్ధగా పెట్టాను. అన్నీ తిరిగి వచ్చాయి. వాటిలో మొబైల్ నంబరు మధ్య అంకెల స్థానంలో చుక్కలు ఉన్నాయి, పేరు ఎక్కడా లేదు. వాటి మీద ఎర్ర సిరాతో “ఎవరి నంబరు?” అని రాసి ఉంది. అప్పుడు కోపం వచ్చింది. తర్వాత అదే కుర్చీలో నేను కూర్చున్నప్పుడు అర్థమైంది, ఆ ప్రశ్న అడగకుండా పాస్ చేస్తే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది ఆ సంతకం పెట్టినవారే.

ఇంట్లో అందరికీ కలిపి ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఉంటే బిల్లు నాన్నగారి పేరు మీదో భర్త పేరు మీదో రావచ్చు. చాలా కంపెనీలు ఉద్యోగి పేరు మీద లేని బిల్లును ఒప్పుకోవు. కాబట్టి మీరు క్లెయిము పెట్టే నంబరును మీ పేరు మీదికి మార్పించుకోండి, లేదా ఆ బిల్లులో మీ నంబరుకు పడిన భాగానికి మాత్రమే క్లెయిము పెడతానని ముందే అనుమతి తీసుకోండి.

టెలికాం సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంది, ప్యాకు ధరలోనే అది కలిసి ఉంటుంది. 349 రూపాయల్లో సుమారు 53 రూపాయలు పన్నే. మీరు కట్టింది పన్నుతో కలిపి కాబట్టి పన్నుతో కలిపిన మొత్తానికే వాటా కట్టండి. కంపెనీ ఫారంలో పన్ను లేని మొత్తం విడిగా అడిగితే రెండూ రాయండి.

ఫోను కొన్న ఖర్చు సంగతి వేరు. నెలవారీ బిల్లు ఇచ్చే కంపెనీలు కూడా ఫోను ధర, బ్యాటరీ మార్పు, పగిలిన స్క్రీన్ లాంటివి సాధారణంగా ఇవ్వవు. యాప్ నడవడానికి మీ ఫోను చాలదని కంపెనీయే అంటే, కొత్తది కొని తర్వాత అడగడం కాకుండా, కంపెనీనే కొని వాడుకకు ఇమ్మని ముందుగా కోరండి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల హాజరుకు ముఖ గుర్తింపు యాప్ తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అడిగింది ఇదే: హాజరు ప్రభుత్వానికి కావాలి కాబట్టి పరికరం కూడా ప్రభుత్వమే ఇవ్వాలని. ఒక్కరుగా అడగలేని విషయాన్ని సంఘంగా, టీముగా అడగవచ్చు. ఒకే ఏరియాలోని పదిమంది కలిసి ఒకే మెయిల్ రాస్తే అది ఒకరి ఫిర్యాదుగా కాక పాలసీలో లోటుగా కనిపిస్తుంది.

ఆరవ పని: సమయానికి పెట్టడం, వెంటపడటం

క్లెయిములకు గడువు ఉంటుంది. ముప్పై రోజులు, అరవై రోజులు, నెలలో ఐదో తేదీలోపు, ఇలా ఒక్కో చోట ఒక్కోలా. ఏడాది బిల్లులన్నీ మార్చిలో ఒకేసారి తెచ్చిపడేసేవారి కాగితాలను అకౌంట్స్ సెక్షన్ ఏడాది ముగింపు పనుల ఒత్తిడిలో చూస్తుంది. అప్పుడు చిన్న లోపం కనిపించినా సరిచేసుకునే సమయం మీకు ఉండదు. ప్రతి రీఛార్జ్ చేసిన రోజే ఇన్‌వాయిస్ దించి, నెల పేరుతో ఒకే ఫోల్డరులో వేసి, నెలకొకసారి క్లెయిము పెట్టే అలవాటు చేసుకోండి. 28 రోజుల ప్యాకు వల్ల ఒక నెలలో రెండు రీఛార్జ్‌లు పడే సందర్భం ఏడాదికి ఒకసారి వస్తుంది. నెలకు ఇంతని లిమిట్ ఉన్న చోట ఆ నెల రెండోది కోత పడుతుంది. ఏడాది లిమిట్ చూడమని అడగండి, లేదా నెలవారీగా అదే తేదీకి పునరుద్ధరించుకునే ప్యాకు తీసుకోండి. అలాంటి ప్యాకు ఒకటైనా ప్రతి ఆపరేటర్ దగ్గర ఉండాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది.

పెట్టిన పది రోజులకు స్థితి అడగండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని కోరండి, ఎందుకంటే కారణం తెలిస్తేనే సరిచేసి మళ్లీ పెట్టగలరు. అనుమతి మెయిల్, బిల్లు, లెక్క మూడూ ఉండి కూడా ఆపితే మేనేజర్ పైవారికి, తర్వాత హెచ్‌ఆర్‌కు అవే కాగితాలు జత చేసి పంపండి. ఫోనులో గొడవపడటం వల్ల ఫలితం ఉండదు, కాగితం కదిలితేనే డబ్బు కదులుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. లిమిట్ మిగిలిపోతోందని స్నేహితుడి బిల్లు పెట్టడం, పీడీఎఫ్‌లో అంకెలు దిద్దడం, ఒకే రీఛార్జ్‌ను రెండు నెలల్లో చూపడం లాంటివి చేయకండి. ఇన్‌వాయిస్ నంబరుతో ఇవి తేలికగా బయటపడతాయి. రెండు వందల రూపాయల కోసం ఉద్యోగం పోయిన మనిషిని నేను చూశాను, ఆయన ఇంట్లో అప్పటికి ఆ ఒక్క జీతమే ఆధారం.

జీతం కాకుండా సొంతంగా సంపాదించేవారికి

బీమా ఏజెంట్లు, ట్యూషన్లు చెప్పేవారు, ఫోటోగ్రాఫర్లు ఎవరి దగ్గరా క్లెయిము పెట్టలేరు, వారికి ఈ ఖర్చు ఆదాయపు పన్ను లెక్కలో తగ్గింపుగా వస్తుంది. సొంతానికి, పనికి కలిపి వాడే వస్తువు విషయంలో పనికి చెందిన న్యాయమైన భాగాన్నే ఖర్చుగా చూపాలి కాబట్టి పైన చెప్పిన వాటా లెక్క వీరికీ పనికొస్తుంది. ఆదాయంలో ఇంత శాతాన్ని లాభంగా భావించి పన్ను కట్టే సులభ పద్ధతిని ఎంచుకున్నవారు మాత్రం ఫోను ఖర్చును మళ్లీ విడిగా తీసివేయలేరు, ఆ శాతంలోనే అన్ని ఖర్చులూ కలిసిపోయినట్లు లెక్క. వ్యాపారాలకు ఉన్న ఆ సులభ పద్ధతి కమిషన్ ఆదాయానికి వర్తించదు కాబట్టి ఏజెంట్లు అసలు ఖర్చులనే చూపాలి, బిల్లులు దాచుకోవాలి.

ఉద్యోగం మానేటప్పుడు

రాజీనామా ఇచ్చిన రోజే పెండింగ్ క్లెయిముల జాబితా రాసి హెచ్‌ఆర్‌కు పంపండి. చాలా చోట్ల చివరి పనిదినంతో క్లెయిము పెట్టే లాగిన్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఫుల్ అండ్ ఫైనల్ అనే ఆఖరి చెల్లింపుల లెక్కలో కొత్త బిల్లు చేర్చడం కష్టం. నోటీసు కాలంలో వేసే ఆఖరి రీఛార్జ్‌ను కూడా ఆ జాబితాలో ముందుగానే చూపండి. అనుమతి మెయిళ్లను, పాసైన క్లెయిముల పీడీఎఫ్‌లను దించుకోండి, ఎందుకంటే ఆఫీసు మెయిల్ మూతపడ్డాక అవి దొరకవు. కస్టమర్ల వివరాలు మాత్రం కంపెనీవి, వాటిని తీసుకోకండి. సొంత సిమ్ వాడి ఉంటే కంపెనీ పోర్టళ్లలో ఓటీపీ నంబరుగా మీ నంబరు ఎక్కడెక్కడ ఉందో చూసి మార్పించండి. వర్క్ ప్రొఫైల్ తొలగించి, ఆఫీసు గ్రూపుల నుంచి బయటికి వచ్చి, మీ స్థానంలో ఎవరికి ఫోన్ చేయాలో డీలర్లకు ఒక మెసేజ్ పంపండి. ఆ మెసేజ్ పంపకపోతే కొత్త ఉద్యోగంలో చేరాక కూడా పాత కంపెనీ కాల్స్ మీ సొంత రీఛార్జ్ మీదే నడుస్తూ ఉంటాయి, వాటికి బిల్లు పెట్టే చోటు అప్పుడు ఉండదు.